వినే ముఖాలు

‘గాలివాన’ వెబ్ సిరీస్ మళ్లీ చూశాను. 2022లో జీ5లో వచ్చింది, బీబీసీ ‘వన్ ఆఫ్ అస్’కు తెలుగు రూపం. కొత్త జంట హత్య. తుపాను రాత్రి హంతకుడు బాధితుల ఇంటివాళ్లకే గాయాలతో దొరకడం. చీకటి కథ. దాన్ని నమ్మించింది నటులందరూ కలిసే. గొంతుకు పేరున్న సాయికుమార్ మౌనంగా ఉన్న సీన్లే నాకెక్కువ గుర్తున్నాయి. రాధిక మాట్లాడుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు నిజంగా వింటారు. అలా వింటున్న చాందినీ చౌదరిని చూడండి! అందుకే అనుమానం ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి పాకుతుంది.

మా జనగామ జిల్లా అప్పిరెడ్డిపల్లి గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ తెచ్చిన చిందు యక్షగానంలోనూ అంతే. ఎదుటి పాత్ర అందుకోకపోతే ఎంత గొప్ప వేషమైనా నిలవదు. మన క్రైమ్ సిరీస్‌లు తీసేవాళ్లు హీరో కంటే ముందు చిన్న పాత్రలకు నటులను వెతికితే బాగుండు. మన పల్లెల్లో ఎంతమంది ఉన్నారో!