పూర్వపక్షం కోసం బెజవాడలో ఓ నడక

గుణదల కొండ మెట్ల మీద ఆదివారం పొద్దున్నే కనిపించేది మొక్కుబడివాళ్లు. చేతుల్లో కొవ్వొత్తులు, కొబ్బరికాయలు. కొందరివి అప్పుడే తలనీలాలిచ్చిన నున్నటి గుండ్లు. 1924లో ఇక్కడ లూర్దు మాత స్వరూపాన్ని నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లప్పుడు ఈ దారిలో కాలు పెట్టే చోటుండదు. మేం అంతకు ముందే వెళ్లాం కాబట్టి తోపులాట లేదు.

మాది మొక్కు కాదు. తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారొకాయన చలికాలపు ఆదివారాల్లో తెలిసినవాళ్లని వెంటబెట్టుకుని బెజవాడ తిప్పుతుంటారు. టిక్కెట్టు లేదు, మైకు లేదు, టిఫిను ఖర్చు ఎవరిది వాళ్లదే. జర్మనీలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన ఏథెన్సు కూడా చూసొచ్చారు. సోక్రటీసు, ప్లేటో, అరిస్టాటిల్ తిరిగిన చోట్లని కాలినడకన చూపించే గైడ్లు అక్కడ ఉన్నారు. వాళ్లలో ఒకామె వెనక ఒక పూట నడిచొచ్చాక ఆయనకి పట్టుకున్న పురుగు ఇది: అలాంటి చోట్లు మన ఊళ్లో మాత్రం లేవా?

గుంపులో నాకు బాగా గుర్తుండిపోయినవాళ్లు ఇద్దరు. ఒకరు లెక్కలు చెప్పే టీచరుగారు. ముందు లూర్దు మాత గుహలో కొవ్వొత్తి వెలిగించుకుని వచ్చాకే మాతో కలిశారు. రెండోవాడు ఇంజినీరింగు పూర్తిచేసి పోటీ పరీక్షలకి చదువుతున్న కుర్రాడు. కొండ ఎక్కేటప్పుడే, "ఇంతమంది మెట్లెక్కితే మోకాళ్ల డాక్టర్లకి లాభం" అన్నాడు. టీచరుగారు వినీ విననట్టు ఊరుకున్నారు. మాస్టారు మాత్రం ఇద్దరినీ పక్కపక్కనే నడవమన్నారు.

పైన శిలువ దగ్గరికి వెళ్లి వెనక్కి తిరిగితే ఊరంతా కనిపిస్తుంది. పడమర ఇంద్రకీలాద్రి. దక్షిణాన ఇళ్ల కప్పుల అవతల ఎక్కడో కృష్ణ. క్రీ.శ. 639 ప్రాంతంలో ఈ సీమకి వచ్చిన చైనా యాత్రికుడు షువాన్‌జాంగ్, మన పాత పాఠ్యపుస్తకాల హుయాన్‌త్సాంగ్, ధాన్యకటకం గురించి రాస్తూ నగరానికి తూర్పు కొండ మీద పూర్వశైల విహారం, పడమటి కొండ మీద అపరశైల విహారం ఉన్నాయన్నాడు. ఆయన వచ్చేటప్పటికే అవి భిక్షువులు లేక పాడుపడ్డాయి. ఆ నగరం ఏదన్నది పెద్ద తగాదా. 1877లో అమరావతి దిబ్బ తవ్వించిన రాబర్ట్ సీవెల్, ఆయనతో పాటు జేమ్స్ ఫెర్గూసన్, అది బెజవాడే అని వాదించారు. రెండు కొండల మధ్య ఊరు, కొండల్లో తొలిచిన గుహలు, ఇంకేం కావాలన్నది వాళ్ల ధీమా. తరవాతి పండితుల్లో ఎక్కువమంది ధరణికోట, అమరావతి వైపే మొగ్గారు.

"అయితే మనం తప్పుడు చోట నిలబడ్డామన్నమాట" అన్నాడు కుర్రాడు.

"ఏథెన్సులో సోక్రటీసు జైలని ఒక రాతి గుహ చూపిస్తారు. ఆయన అందులో ఉన్నాడనడానికి ఆధారమేమీ లేదు. అయినా అందరూ ఆగి ఫొటో తీసుకుంటారు" అన్నారు మాస్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల కంట పడకుండా పురావస్తువుల్ని దాచిన చోట్లలో అదీ ఒకటి. సోక్రటీసు లేకపోయినా ఆ గుహ పనికిరాకుండా పోలేదు.

కొండ దిగి ఇడ్లీలు తిని పటమట దాకా నడిచాం. బెంజి సర్కిల్ చుట్టుపక్కల నడవడం గురించి చెప్పకపోవడమే మంచిది. ప్రశ్న అడిగితే వినపడాలి కదా. అక్కడ హారన్లే ప్రశ్నలూ, జవాబులూ.

పటమటలో నాస్తిక కేంద్రం. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు (1902–1975), వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవారు. నాస్తికత్వం వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో, భార్య సరస్వతీ గోరాతో కలిసి కేంద్రం పెట్టి, 1947లో ఇక్కడికి మార్చారు. గ్రహణం రోజున గర్భిణుల్ని బయటికి పిలిచి కూర్చోబెట్టడం, నిప్పుల మీద నడిచి ఇందులో మహిమేమీ లేదని చూపించడం, అన్ని కులాలవాళ్లూ కలిసి తినే బంతి భోజనాలు: వీళ్ల తర్కం పుస్తకాల్లో కన్నా వీధిలోనే ఎక్కువ కనిపించేది. ఏథెన్సు గోడల బయట తోట కొనుక్కుని స్నేహితులతో కలిసి బతికిన ఎపిక్యూరస్‌ని మాస్టారు ఇక్కడ తలుచుకున్నారు. ఆయన తోటలో ఆడవాళ్లకీ, బానిసలకీ చోటుండేది. అయితే ఎపిక్యూరస్ దేవుళ్లు లేరనలేదు. ఉన్నారు, మనల్ని పట్టించుకోరు, అంతే అన్నాడు.

నన్ను ఆపింది వేరే సంగతి. గోరా ఏరికోరి వెళ్లి మాట్లాడింది గాంధీతో. ప్రార్థన లేకుండా పొద్దు గడవని మనిషితో, సేవాగ్రామ్‌లో, దేవుడు అవసరమా అన్న చర్చ! ఆ సంభాషణలే తరవాత 'యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ' అన్న పుస్తకమయ్యాయి. గోరా కూతురి పెళ్లి ఆశ్రమంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఆ పెళ్లి 1948లో, ఆయన పోయాక, అక్కడే జరిగింది. ఒప్పుకోనివాడి ఇంట్లో కూర్చుని వాదించి, ఆ ఇంట్లోనే పెళ్లి చేసుకోవడం చిన్న విషయం కాదు. ఇప్పుడు టీవీ చర్చల్లో అవతలివాడి వాక్యం పూర్తికానిచ్చే ఓపిక కూడా లేదు. అది నా గొణుగుడు, మాస్టారి పాఠం కాదు.

టీచరుగారు కేంద్రం గేటు దగ్గర చెప్పులు విప్పబోయి ఆగారు. కుర్రాడు నవ్వాడు. ఆవిడా నవ్వేశారు.

మొగల్రాజపురం గుహలకి వెళ్లేసరికి ఎండ ముదిరింది. ఇళ్లు కొండని ఆనుకుని వచ్చేశాయి. డాబా మీద ఆరేసిన బట్టల వెనకాల అయిదో శతాబ్దం నుంచి ఏడో శతాబ్దం మధ్య, విష్ణుకుండినుల కాలంలో తొలిచినవని చెప్పే గుహలు. ఒక గుహ నొసటి మీద వరసగా చిన్న చిన్న కిటికీ కమానుల్లాంటి కూడులు, ఒక్కో కూడులోంచి తొంగిచూసే తల. కిటికీల్లోంచి వీధిని గమనించే పొరుగువాళ్లలా ఉన్నాయవి. ఇవి శివుడికీ, విష్ణువుకీ తొలిచిన గుడులు, బౌద్ధవిహారాలు కావు. అయినా మాస్టారు భావవివేకుడి కథ చెప్పడానికి ఈ నీడనే ఎంచుకున్నారు. ఆరో శతాబ్దపు ఆ బౌద్ధ తార్కికుడి కథని షువాన్‌జాంగ్ ఈ సీమలోనే విని రాసుకున్నాడు కాబట్టీ, గుహల కాలం ఆయన కాలమే కాబట్టీ.

భావవివేకుడు పైకి సాంఖ్యుల వేషంలో ఉండేవాడట, లోపల నాగార్జునుడి మతం. మగధలో ధర్మపాలుడు గొప్పగా బోధిస్తున్నాడని విని, సందేహాలు తేల్చుకుందామని శిష్యులతో పాటలీపుత్రం దాకా వెళ్లాడు. ధర్మపాలుడు అప్పుడు బోధివృక్షం దగ్గరున్నాడు. కబురు పంపితే, బతుకు చిన్నది, వాదనలకి తీరిక లేదని జవాబొచ్చింది. ఇక్కణ్ణుంచి పాట్నా ఎంత దూరమో, ఆ రోజుల్లో ఎన్ని నెలలో లెక్కేసుకోండి. వెనక్కి వచ్చేసిన భావవివేకుడు, ఇక నా సందేహం తీర్చగలిగేది రాబోయే మైత్రేయ బుద్ధుడే అనుకున్నాడు. అంతదాకా బతికుండాలి. మూడేళ్లు అవలోకితేశ్వరుడి ముందు ఉపవాసం. ధాన్యకటక నగరానికి దక్షిణాన ఉన్న కొండ దగ్గరికి పొమ్మని ఆజ్ఞ. అక్కడ మరో మూడేళ్లు మంత్రజపం. చివరికి మంత్రించిన ఆవాలు విసిరితే బండ తెరుచుకుంది. గుమిగూడిన జనాన్ని లోపలికి రమ్మన్నాడు. పాముల పుట్టేమో, ప్రాణాలు పోతాయని జనం జంకారు. ఆరుగురు మాత్రం వెంట వెళ్లారు. బండ మూసుకుంది.

మహత్తుల సంగతి వదిలేసినా, వాదించడానికి మనిషి దొరక్క యుగాంతం దాకా కాచుకున్నవాడి కథ ఇది. ఇలాంటిది ఏథెన్సులో కూడా వినలేదన్నారు మాస్టారు.

భావవివేకుడి పుస్తకాలు చూస్తే ఆ ఆరాటం అర్థమవుతుంది. నాగార్జునుడి మధ్యమక కారికలకి బుద్ధపాలితుడు అంతకుముందే వ్యాఖ్య రాశాడు. తనదంటూ ఏ సిద్ధాంతమూ నిలబెట్టకుండా, ఎదుటివాడి మాటనే పట్టుకుని అది ఎంత అసంబద్ధానికి దారితీస్తుందో చూపించి వదిలేయడం ఆయన పద్ధతి. ఏథెన్సు సంతలో సోక్రటీసు చేసిందీ దాదాపు ఇదే. అక్కడి అగోరా పక్కనే సైమన్ అనే చెప్పులు కుట్టేవాడి ఇల్లు తవ్వకాల్లో బయటపడింది. చెప్పులకి కొట్టే మేకులు, అతని పేరు చెక్కిన గిన్నె అడుగు దొరికాయి. సోక్రటీసు వచ్చి కబుర్లాడిన సైమన్ ఇతడేనని చాలామంది నమ్మకం. ఇక భావవివేకుడికి బుద్ధపాలితుడి దారి చాలలేదు. అవతలివాణ్ణి పడగొడితే సరిపోదు, హేతువూ, దృష్టాంతమూ చూపించి నీ పక్షం నువ్వు నిలబెట్టుకోవాలన్నాడు. ఇది అరిస్టాటిల్‌కి దగ్గర. పోలిక అంచుల దాకా అతకదు కానీ, గుహ నీడలో కూర్చుని వింటే బాగానే ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆయన తన కారికలకే రాసుకున్న వ్యాఖ్య, 'తర్కజ్వాల'. అందులో సాంఖ్యం, వైశేషికం, వేదాంతం, మీమాంస ఒక్కోదానికీ ఒక్కో అధ్యాయం. ముందు వాళ్లేమంటున్నారో చెప్పే పూర్వపక్షం, ఆ తరవాతే ఖండన. వేదాంతాన్ని విడిగా ఒక దర్శనంగా తీసుకుని చర్చించిన పాత గ్రంథాల్లో ఇదొకటి. ఆ కాలపు వేదాంతుల గురించి తెలుసుకోవాలంటే వాళ్లని కొట్టిపారేసిన ఈ బౌద్ధుణ్ణి అడగాలి! ఆ వ్యాఖ్య టిబెటన్ అనువాదంలోనే మిగిలింది. ఆ కారికల సంస్కృత ప్రతి 1936లో టిబెట్‌లో రాహుల్ సాంకృత్యాయన్ కంటపడింది. నాగార్జునుడి పేరు మీద ఆనకట్ట ఉంది, యూనివర్సిటీ ఉంది. భావవివేకుడి పేరు అడిగితే మా గుంపులో మాస్టారు తప్ప ఎవరూ వినలేదు.

బాపు మ్యూజియంలో అల్లూరు తెల్లరాతి బుద్ధుణ్ణి నిలబడి చూసి, బస్సెక్కి ప్రకాశం బ్యారేజీ దాటాం. నీళ్లు నిండుగా ఉన్నాయి. గ్రీకులకీ ఈ నది తెలుసు. రెండో శతాబ్దంలో టాలమీ దీన్ని మైసోలోస్ అన్నాడు, దీని ముఖద్వారం దగ్గరి ఘంటశాలని కొంటకొస్సిలా అన్నాడు. సరుకుతో పాటు మాటలూ ఓడెక్కాయా అన్నది కుర్రాడి ప్రశ్న. అలెగ్జాండర్ సైన్యంతో వచ్చిన పిర్రో వాయవ్యాన దిగంబర సన్యాసుల్ని కలిశాడనీ, ఏదీ ఇదమిత్థమని తేల్చకుండా ఊరుకోవడం అన్న తన మతానికి దారి అక్కడే దొరికిందనీ డయోజినీస్ లయర్షియస్ రాశాడు. పిర్రోకీ నాగార్జునుడికీ చుట్టరికం కలిపే పండితులు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఇద్దరికీ మధ్య నాలుగైదు వందల ఏళ్లు; పిర్రో ఈ డెల్టా ముఖం చూడలేదు. నాకైతే ఆ చుట్టరికం మరీ దూరపుదనిపిస్తుంది.

ఉండవల్లి గుహలు నాలుగంతస్తులు. లోపల పడుకున్న అనంతపద్మనాభుణ్ణి చూడటానికి జనం బారు తీరారు. కుర్రాడు మాత్రం బయట బండ చుట్టూ తిరుగుతూ, బెజవాడకి దక్షిణమంటే ఇదే కదా, భావవివేకుడు దూరింది ఇందులోకేనేమో అన్నాడు. సీవెల్ బతికుంటే సంతోషించేవాడన్నారు మాస్టారు.

ఎదురుగా టీ బడ్డీ దగ్గర కూర్చున్నాం. ఆ ఆరుగురూ నమ్మకంతో వెళ్లారా, ఆలోచించి వెళ్లారా అన్న గొడవ మొదలైంది. గుడ్డి నమ్మకమన్నాడు కుర్రాడు. గురువు సంగతి ఎరిగినవాళ్లు కాబట్టే వెళ్లారన్నారు టీచరుగారు. మాస్టారు ఇద్దరినీ ఆపి, ఇప్పుడు కుర్రాడి మాట ఆవిడా, ఆవిడ మాట కుర్రాడూ వాదించాలన్నారు. కుర్రాడు నీళ్లు నమిలాడు. టీచరుగారు తడుముకోలేదు.

"సరే బాబూ. లోపలికి వెళ్లినవాళ్లు బయటికి రాలేదు. మరి ఈ కథ చెప్పిందెవరు?"

"బయట నిలబడ్డవాళ్లు. తరవాత చాలా బాధపడ్డారని షువాన్‌జాంగే రాశాడుగా టీచర్‌గారూ."

"పాములన్నదీ వాళ్లే, బాధపడిందీ వాళ్లే. అలాంటి సాక్ష్యాన్ని మీ లెక్కలో ఒప్పుకుంటారా?"

"మా లెక్క కాదండీ, ఇప్పుడు మీ లెక్క" అన్నాడు కుర్రాడు.

మాస్టారు ఇంకో విడత టీ చెప్పారు.