కాల్ వాగు లోయలో ఒక రోజు

కొలోన్, ఆహెన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళు ఎండాకాలం రాగానే పిల్లల్ని తీసుకుని రూర్ జలాశయానికి వెళ్తారు. పడవ ఎక్కి, గట్టున కూర్చుని పులిహోర తిని, సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఆ నీళ్ళకు ఉత్తరాన, కొండ అవతల, హ్యుర్ట్‌గెన్ అడవి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఘోరంగా దెబ్బతిన్న చోట్లలో అదొకటి. ఆ దారిన ఒక రోజంతా నడిచి వచ్చాక, ఇక్కడుంటున్న మనవాళ్ళు తప్పకుండా చూడాల్సిన చోటు అనిపించి ఇది రాస్తున్నాను.

డ్యూరెన్‌లో బస్సెక్కి ఫోసెనాక్‌లో దిగాం. పొడుగాటి కొండగట్టు మీద బారుగా సాగిన ఊరు. చుట్టూ పచ్చిక బీళ్ళు, అవి దాటితే అడవి. 1944 నవంబర్‌లో ఇక్కడి చర్చి లోపల కూడా పోరు జరిగింది. ఊరు నేలమట్టమైంది. ఇప్పుడు కనిపించేదంతా యుద్ధం తర్వాత మళ్ళీ కట్టుకున్నదే.

ఊరు దాటి చెట్లలోకి దిగితే కాల్ వాగుకు పోయే బాట మొదలవుతుంది. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క నిట్టనిలువు పల్లం. ఎడ్లబండి పట్టేంత వెడల్పు. నవంబర్ 2న అమెరికా 28వ డివిజన్ దాడి మొదలుపెట్టి, మర్నాటికే వాగు దాటి అవతలి గట్టు మీది ష్మిట్ ఊరిని పట్టుకుంది. వాళ్ళకు తిండి, తూటాలు, ట్యాంకులు అందాల్సింది ఈ ఒక్క బాట మీదనే. వానకు నానిన ఆ బురదలో ట్యాంకుల గొలుసులు ఊడిపోయాయి, కొన్ని పక్కకు జారి దారికే అడ్డం పడ్డాయి. ఆ గొలుసు ముక్క ఒకటి ఇప్పటికీ బాటలో నేలకు కరుచుకుని ఉంది. వంగి చేత్తో తడిమాను. తుప్పు పట్టి గరుకుగా ఉంది, సందుల్లో నాచు, ఎండుటాకులు. అంత బరువైన యంత్రాన్ని ఈ మలుపులో తిప్పమని ఆజ్ఞ ఇచ్చినవాళ్ళు ఈ మలుపును ఒక్కసారైనా చూసి ఉంటారా అనిపించింది.

నాలుగో తేదీకల్లా జర్మన్ ట్యాంకులు ష్మిట్‌ను వెనక్కి లాక్కున్నాయి. ఎనిమిదో తేదీ రాత్రికి మిగిలిన అమెరికన్లు వాగు దాటి వెనక్కి వచ్చేశారు. ఆ ఒక్క డివిజనే 6,000 మందికి పైగా సైనికులను నష్టపోయింది. 1944 సెప్టెంబర్ నుంచి 1945 ఫిబ్రవరి దాకా సాగిన ఈ అడవి యుద్ధం మొత్తంలో, చలికి, జబ్బులకు పడిపోయినవాళ్ళతో కలిపి అమెరికన్ల నష్టం దాదాపు 33,000. జర్మన్ల నష్టమూ వేలల్లోనే. చెట్ల కొనలకు తగిలి ఫిరంగి గుండ్లు పైనే పేలేవి. ఇనుప ముక్కలు, కర్ర పేళ్ళు కలిసి వానలా కురిసేవి. నేలమీద పడుకుంటే ప్రాణం దక్కదని తెలుసుకుని, సైనికులు మానుకు అతుక్కుని నిలబడడం నేర్చుకున్నారు.

బాట అడుగున వాగు వస్తుంది. పెద్దదేమీ కాదు, చిన్న రాతి వంతెన చాలు దాటడానికి. ఇక్కడే గ్యుంటర్ ష్ట్యుట్‌గెన్ అనే జర్మన్ సైనిక వైద్యుడు, అప్పటికి పాతికేళ్ళవాడు, నవంబర్ 7 నుంచి 12 మధ్య అమెరికన్లతో మాట్లాడి కాల్పులు ఆపించాడు. ఒక్కోసారి కొద్ది గంటలే. ఆ కాసేపట్లో ఇరుపక్షాల వైద్య సిబ్బంది కలిసి, ఏ యూనిఫారం అని చూడకుండా, గాయపడినవాళ్ళకు కట్లు కట్టి మోసుకుపోయారు. ఆయన తర్వాత చర్మవ్యాధుల ప్రొఫెసర్‌గా పనిచేసి 2003లో పోయారు. 2004లో ఆయన చేసిన పని గుర్తుగా వంతెన మీద ఒక శిల్పం పెట్టారు. దాని పక్కన చాలాసేపు నిలబడ్డాం. ఇంత మారణహోమం జరిగిన చోట గెలిచిన సేనాపతి విగ్రహం కాకుండా దీన్ని నిలబెట్టిన ఈ ప్రాంతం వాళ్ళకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అవతలి ఎక్కుడు కష్టమే. చేతిలో నీళ్ళసీసా తప్ప ఏమీ లేకపోయినా ఆయాసం వచ్చింది. ఆ కుర్రాళ్ళు తుపాకులు మోస్తూ, నిద్ర లేకుండా, చలివానలో ఇదే ఎక్కారు. ష్మిట్ చేరితే అసలు కథ అర్థమవుతుంది. ఊరికి దిగువన రూర్ నది మీద ష్వామెనావెల్ ఆనకట్ట ఉంది. ఆ ఆనకట్ట ఎవరి చేతిలో ఉంటే దిగువ లోయంతా వాళ్ళ గుప్పిట్లో ఉన్నట్టే. ఇది అమెరికన్ సేనాపతులకు బాగా ఆలస్యంగా తలకెక్కింది. 1945 ఫిబ్రవరిలో జర్మన్లు వెళ్తూ వెళ్తూ తూములు పాడుచేసి నీళ్ళు వదిలారు. నదికి వరదొచ్చి, దాటాల్సిన అమెరికన్ సైన్యం దాదాపు రెండు వారాలు ఒడ్డునే ఆగిపోయింది.

అక్కణ్ణుంచి అడవిలోంచి దిగితే కాల్ వాగు రూర్‌లో కలిసే త్సెర్‌కాల్ వస్తుంది. రైలు అక్కడే దొరుకుతుంది. వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: గుర్తుపెట్టిన బాట వదిలి చెట్లలోకి పోకండి, పేలని మందుగుండు ఆ నేలలో ఇంకా ఉంది. పొద్దున్నే ఫోసెనాక్ సైనిక శ్మశానం కూడా చూడండి. 2,300 మందికి పైగా అక్కడ ఉన్నారు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లలూ వాళ్ళలో ఉన్నారు. పేరు దొరకనివాళ్ళూ ఉన్నారు.

ఆ రోజంతా నన్ను వదలని ఆలోచన ఒక్కటే. దూరంగా కూర్చుని పటం చూసినవాళ్ళకు ఈ లోయ ఒక గీత. స్వయంగా కిందికి దిగిన ఒక వైద్యుడికి మాత్రం ఇక్కడ మూలుగుతున్న మనుషులు కనిపించారు, అందుకే కాసేపైనా కాల్పులు ఆపగలిగాడు. ఇండియాలో కానీ ఇక్కడ కానీ, మన ఇళ్ళల్లో కూర్చుని టీవీ చూస్తూ యుద్ధం వస్తే బాగుణ్ణని హుషారుగా మాట్లాడేవాళ్ళు తగులుతూనే ఉంటారు. ఇకమీదట వాళ్ళతో వాదించను. ఒక రోజు సెలవు పెట్టించి, ఈ లోయలోకి దింపి, అవతలి గట్టుకు ఎక్కిస్తాను.