రిజిస్టరులో కొట్టేస్తే గోడౌను ఖాళీ కాదు

మన మిల్లు లైన్లలో ఎవరింటి కాగితాలు వాళ్ళ ట్రంకుపెట్టెలో ఉంటాయి. వాటి నకళ్ళు మాత్రం నా జిరాక్సు అంగడిలో ఉన్నాయి. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, పీఎఫ్ కాగితాలు, పిల్లల మార్కుల కార్డులు, ఏడేళ్ళుగా స్కాన్ చేసినవన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో పెట్టినాను. "పోయినసారి ఇచ్చినా కదమ్మా, దాంట్లోంచే తీయి" అని అడిగేవాళ్ళే ఎక్కువ.

పైగా మనది సరిహద్దు జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయినాయి, బళ్లారి మైసూరులో చేరింది. చుట్టరికాలు విడిపోలేదు. అందుకే ఆ డిస్కులో ఒకే ఇంటివాళ్ళవి ఇటు పహణీ, అటు పట్టాదారు పాసుపుస్తకం రెండూ ఉంటాయి.

ఈ ఏడు డిస్కు నెమ్మదించింది. పాత సామాను కొనే అబ్బాయి ఆరు వందలకు అడిగినాడు. "డిలీట్ కొట్టి ఇచ్చేయక్కా, ఐదు నిమిషాల పని" అన్నాడు. నేను ఇవ్వలేదు. ముందు ఒక పాత పెన్‌డ్రైవ్‌లోకి కొన్ని ఫైళ్ళు ఎక్కించి, క్విక్ ఫార్మాట్ చేసి, పోయిన ఫైళ్ళను వెనక్కి తెచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి చూసినాను. పది నిమిషాల్లో మొదట తేలింది, కార్డింగులో పనిచేసి పోయినేడాది చనిపోయిన ఒక పెద్దాయన ఆధార్. ఫోటో, నంబరు, ఇంటి అడ్రసు, అన్నీ ఉన్నాయి.

ఎందుకట్లా అంటే, మిల్లు లెక్కే. గోడౌను రిజిస్టరులో పద్దు కొట్టేసినంత మాత్రాన లోపలి బేళ్ళు మాయమవుతాయా? డిలీట్, క్విక్ ఫార్మాట్ కొట్టేసేది ఆ పద్దునే. డేటా మీద ఇంకో డేటా రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది. అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 158 పాత డిస్కులు కొని పరీక్షించి 2003లో ఫలితాలు అచ్చు వేసినారు. పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగిలినవాటిలో ఐదు వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికినాయి.

తుడవకముందు అంగడి ముందర పలక మీద తెలుగులోను, కన్నడలోను రాసిపెట్టినాను: కాగితాలు కావలసినవాళ్ళు పదిహేను రోజుల్లో వచ్చి తీసుకోండి అని. తుడిచినాక మళ్ళీ రావు కదా. పదమూడో రోజు ఆ పెద్దాయన భార్య వచ్చింది. ఇంట్లో ఉన్న కాగితాలు చెదలు తినేసినాయంట. భర్త పింఛను అర్జీకి పీఎఫ్ నంబరు కావాలి. అది ఆ డిస్కులోనే దొరికింది. రెండు ప్రతులు తీసి ఇచ్చినాను. "ఇంక తీసేయమ్మా, ఆయన పేరు ఎవరికంటానో పోకూడదు" అన్నది.

ఆ ఆదివారం రాత్రి పని మొదలుపెట్టినాను. మిగతా డిస్కులన్నీ పీకేసి, తుడవాల్సింది అదే అని సైజు చూసి నిర్ధారించుకున్నాను. విండోస్‌లో ఫార్మాట్ తెరిచి, 'క్విక్ ఫార్మాట్' ముందున్న టిక్కు తీసేసినాను. అప్పుడది డిస్కంతా సున్నాలు రాసుకుంటా పోతుంది. ఒక టెరాబైటుకు మంచి యూఎస్‌బీ 3 పోర్టులో దాదాపు మూడు గంటలు, పాత యూఎస్‌బీ 2లో తొమ్మిది గంటల పైన పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటినుంచి. ఏడుసార్లు, ముప్పై అయిదుసార్లు తుడవాలని చెప్పేవాళ్ళున్నారు. తిరిగే పళ్ళేలున్న ఇప్పటి డిస్కుకు ఒక్కసారి పూర్తిగా రాస్తే చాలు. తెల్లారినాక అదే సాఫ్ట్‌వేర్ పెట్టి వెతికినాను. ఒక్క పేరూ రాలేదు. అప్పుడు అమ్మినాను.

పెన్‌డ్రైవ్‌లు, ఎస్‌ఎస్‌డీల సంగతి వేరు. వాటిలో మన రాత అందని మూలలు కొన్ని ఉంటాయి కాబట్టి ఇది చాలదు. నా పెన్‌డ్రైవ్‌ను సుత్తితో లోపలి చిప్పు ముక్కలయ్యేదాకా కొట్టినాను. అసలు ఆన్ కాని హార్డ్‌డిస్కునైనా అంతే, మూత విప్పి పళ్ళేలు పాడు చేయాలి. కాల్చొద్దు, ఆ పొగ విషం.

త్వరగా తుడవాలంటే ఆ ఏర్పాటు కొన్న రోజే చేసుకోవాలి. కొత్త డిస్కుకు ఖాళీగా ఉన్నప్పుడే వెరాక్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసినాను. గట్టి పాస్‌వర్డు పెట్టినాను. అది లేనివాళ్ళకు లోపలున్నదంతా అర్థం లేని అక్షరాలే. రేపు ఎవరైనా ఎత్తుకుపోయినా భయం లేదు. ఇప్పుడు పని అయినవాళ్ళ ఫైళ్ళు వారానికోసారి తీసేస్తున్నా. పని తీరినాక సమాచారం చెరిపేయాలనే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చెబుతుంది.

మీరు ఏ అంగడిలో స్కాన్ చేయించినా, ఏ స్టూడియోలో పెళ్ళి ఫోటోలు తీయించినా, "అన్నా, మా ఫైలు ఎప్పుడు తీసేస్తావు, ఎట్లా తీసేస్తావు?" అని అడగండి. మొహమాటం వద్దు. నా అంగడిలోనైనా సరే, అడగండి.