వేణ్ణీళ్ళకు ముందు చన్నీళ్ళు

హిందూపురం నుంచి మా ఇంటికి ఎవరు వచ్చినా, కాఫీలు అయ్యాక నేను వాళ్ళని మేడ మీదికి తీసుకెళ్తాను. బ్రూక్‌ఫీల్డ్‌లో చుట్టాలకి చూపించడానికి కోటలూ గోపురాలూ లేవు. పేరులో వాగూ ఉంది, పొలమూ ఉంది గాని కంటికి రెండూ కనపడవు. కుందలహళ్ళి చెరువు ఒకటి మిగిలింది, దానికోసం కాస్త నడవాలి. మేడ మీద నుంచి చూస్తే మాత్రం మూడు నాలుగంతస్తుల ఇళ్ళు, ప్రతి ఇంటి నెత్తి మీదా ఒకటో రెండో తెల్లటి డ్రమ్ములు, వాటి కింద వాలుగా పరిచిన నల్లటి గాజు గొట్టాలు. పీజీ హాస్టళ్ళ మీదైతే వరసగా అరడజను. అన్నీ దక్షిణానికే తిరిగి ఉంటాయి. మా పెద్దబావగారు మొదటిసారి చూసి, "ఏమిటోయ్, ఊరంతా ఫిరంగులు ఎక్కుపెట్టుకుని కూర్చున్నారు, ఎవరి మీదికి యుద్ధం?" అన్నారు.

యుద్ధం అయింది, మా అపార్ట్‌మెంటులోనే అయింది. అది చెప్పడానికే ఇదంతా.

ముందు ఒక మాట. ఇవి నీళ్ళు కాచే సోలార్లు. కరెంటు పుట్టించే పలకలు వేరు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయలు సబ్సిడీ అని విని, నీళ్ళ సోలారుకీ వస్తుందేమోనని మా బ్రాంచికి వచ్చి అడిగేవాళ్ళు చాలామంది. రాదు. నీళ్ళ సోలారుకి కేంద్రం ఇచ్చే సబ్సిడీ 2014లోనే ఆగిపోయింది. అయినా బెంగుళూరులో మేడమేడకీ ఇవి కనిపించడానికి కారణం ఉంది. ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఏప్రిల్, మే తప్పిస్తే తెల్లవారి చన్నీళ్ళు నెత్తిన పోసుకోవాలంటే గుండె దిటవు కావాలి. అదృష్టం ఏమిటంటే చలి బాగా ఉండే డిసెంబరు, జనవరిల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. నవంబరులో బంగాళాఖాతంలో తుపాను పట్టినప్పుడూ, జులై, ఆగస్టు ముసురులోనే సోలారు చేతులెత్తేస్తుంది. దీనికితోడు కర్ణాటక ప్రభుత్వం 2007లో కొత్త కట్టడాలకి సోలార్ హీటరు తప్పనిసరి చేసింది. పెట్టుకున్నవాళ్ళకి కరెంటు బిల్లులో యూనిట్‌కి అర్ధరూపాయి చొప్పున, నెలకి 50 రూపాయలు మించకుండా తగ్గింపు కూడా ఇచ్చేవారు. ఆ యాభై రూపాయల కోసం బిల్లు పట్టుకుని కౌంటరు దగ్గర వాదించిన పెద్దమనుషులని నేను ఎరుగుదును. వారిలో ఒకడిని నేనే.

మా బిల్డింగు గ్రౌండు కాక మూడంతస్తులు, పదహారు ఫ్లాట్లు. అందులో సగం పైచిలుకు మన తెలుగువాళ్ళే. కుందలహళ్ళి గేటు నుంచి మారతహళ్ళి దాకా ఆంధ్రా మెస్సుల బోర్డులు చూసినవారికి ఇదేమీ ఆశ్చర్యం కాదు. బ్యాంకు ఉద్యోగి అంటే లెక్కలు తప్ప మరొకటి రాదని లోకానికి నమ్మకం. అందుకని నేను గృహప్రవేశం చేసిన ఏడాదికే అసోసియేషనుకి ట్రెజరర్ని అయ్యాను. దించేవాళ్ళు లేక ఇప్పటికీ నేనే.

2024 ఎండాకాలం మీకు గుర్తుండే ఉంటుంది. మహదేవపుర పక్క బోర్లు ఒకటొకటే వట్టిపోయాయి. కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అన్నారు. కుళాయిలకి నీటిధార తగ్గించే జల్లెడలు బిగించమన్నారు. ట్యాంకర్ల ధరకి పగ్గం వెయ్యడానికి మార్చిలో జిల్లా యంత్రాంగం 6,000 లీటర్లకి, అయిదు కిలోమీటర్ల లోపైతే, 600 రూపాయలని కట్టడి చేసింది. ఆ ధరకి ట్యాంకరు ఎప్పుడు వస్తుందో అనేది వేరే సంగతి.

ఆ మార్చిలోనే మా సోలారు గొట్టాలు పగిలాయి. ఎవరూ రాయి వెయ్యలేదు. పై ట్యాంకులో నీళ్ళు అయిపోయి, పొద్దుటి నుంచీ గొట్టాలు వట్టివే ఎండలో కాగాయి. మిట్టమధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. వచ్చిన సంతోషంలో మోటారు వేశాం. కాగిన గాజులోకి చన్నీళ్ళు పడేసరికి టప్ టప్‌మని ఏడు గొట్టాలు. మోటారు స్విచ్చి వేసింది నేనే. ఇలాంటిది జరుగుతుందని తెలిస్తే సాయంత్రం దాకా ఆగేవాణ్ణి. మీ ఇంట్లో ఇలాంటి గొట్టాలుంటే, ఖాళీ అయిన రోజున పొద్దు వాలాక, గాజు చల్లబడ్డాక నీళ్ళు వదలండి.

గొట్టాలు మార్చాలా, మొత్తం తీసేయాలా అని మీటింగు పెట్టాం. నేను ఒక నోటు తయారుచేశాను. బ్యాంకులో ముప్పై ఏళ్ళు నోట్లు రాసిన చెయ్యి, బాగానే వచ్చింది. దాని సారాంశం ఇది. ట్యాంకు మేడ మీద, ఇళ్ళు కింద. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్ళు చల్లబడతాయి. పొద్దున కుళాయి తిప్పితే ఆ చల్లటివన్నీ పోయాకే వేడివి వస్తాయి. అంగుళం పైపులో మీటరుకి అర లీటరు నీళ్ళు పడతాయి. మా మొదటి అంతస్తుకి పైపు పదిహేను మీటర్లు, అంటే ఏడున్నర లీటర్లు. చల్లబడ్డ పైపు తాగే వేడి కూడా కలుపుకుని, పదహారు ఇళ్ళలో విచారిస్తే సగటున ఇంటికి బకెట్టు నీళ్ళు తూములోకి పోతున్నాయని తేలింది. రోజుకి 300 లీటర్లు, నెలకి 9,000. ట్యాంకరున్నర! అదంతా అసోసియేషన్ ఖర్చు. మరి ఆదా? 2023 జులై వాడకం నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాళ్ళకి, వాళ్ళ పాత సగటు మీద మరో పది శాతం దాకా, బిల్లే లేదు. బిల్లే లేనప్పుడు సోలారు వల్ల మిగిలేది ఏమిటి? కాబట్టి సోలారు తీసేసి ఎవరి గీజరు వాళ్ళు పెట్టుకోవడం మంచిదని సిఫారసు చేశాను.

మూడో అంతస్తు వాళ్ళు మండిపడ్డారు. వాళ్ళకి పైపు పొట్టి, తిప్పగానే వేణ్ణీళ్ళు. (ట్యాంకుకి మరీ దగ్గర కాబట్టి ధార సన్నంగా వస్తుంది, షవరు పనిచెయ్యదు. ఆ బాధ వాళ్ళు చెప్పలేదు.) గ్రౌండు ఫ్లోరు వాళ్ళు చప్పట్లు కొట్టారు. కంప్యూటరు కంపెనీలో పనిచేసే కుర్రవాడొకడు, చల్లబడ్డ నీళ్ళని మళ్ళీ పైకి తోసే చిన్న పంపూ, టైమరూ పెట్టాలన్నాడు. మంచి ఉపాయమే, హోటళ్ళలో చేస్తారు. కాని దానికి వెనక్కి వెళ్ళే రెండో పైపు కావాలి, మా గోడల్లో అది లేదు. ఇంకొకరు హీట్ పంపు అన్నారు. నేను నోటు కాపీలు పంచి, ఆదివారానికి వాయిదా వేసి ఇంటికి వచ్చాను.

మా అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. తెల్లవారి నాలుగున్నరకి ఆవిడ స్నానం. బిల్డింగు మొత్తానికి అదే బోణీ. మా వరస పైపులో రాత్రి చల్లబడ్డ నీళ్ళన్నీ ఆవిడ వంతుకే వస్తాయి. తరువాత లేచే పై అంతస్తుల వాళ్ళకి తిప్పగానే వేడివి వస్తాయి. అది సోలారు మహిమ కాదు, మా అమ్మ పుణ్యం. "నీ బాత్రూములో రోజూ ఎన్ని నీళ్ళు పారబోస్తున్నావమ్మా?" అని అడిగాను, నోటులో మా ఇంటి పద్దు కూడా ఉండాలి కదా.

"పారబోయడమెందుకురా?" అంది.

"వేడివి వచ్చేదాకా వచ్చే చన్నీళ్ళు?"

"బకెట్టులో పడతాయి. తరువాత వేడివి పడతాయి. రెండూ కలిస్తే స్నానానికి సరిపోతాయి. నీళ్ళు కాగితే తొరుపు కలుపుకోవద్దూ?"

తొరుపు అన్న మాట విని చాలా ఏళ్ళయింది. హిందూపురంలో మా ఇంటి బచ్చలి మూల పొయ్యి మీద రాగి కాగు ఉండేది. కంది కట్టె, వేరుశనగ పొట్టు వేసి మంట పెట్టేవారు. పొగకి కళ్ళు మండుతుంటే అమ్మ ముందు బకెట్టులో సగం చన్నీళ్ళు పోసి, తరువాత కాగులోంచి చెంబుతో సలసలమనే నీళ్ళు ముంచి కలిపేది. ఆ క్రమం ఆవిడ ఇక్కడా మార్చలేదు, అంతే. మనమే మార్చాం. ముందు వేడికోసం కుళాయి తిప్పి, చల్లటివి వదిలేసి, వేడివి పట్టి, మరీ కాలుతున్నాయని మళ్ళీ పక్క కుళాయి తిప్పి చల్లటివి కలుపుతున్నాం!

కాగితం తీసి మళ్ళీ లెక్కవేశాను. సోలారు నీళ్ళు 60 డిగ్రీలు, జనవరి పొద్దుటి చన్నీళ్ళు 20. స్నానానికి 40 కావాలంటే సగం సగం. ఇరవై లీటర్ల బకెట్టుకి పది లీటర్లు చన్నీళ్ళు ఎలాగూ కావాలి. పైపులో నిలిచినవి ఏడున్నర. అంటే పైపులో చల్లబడ్డ నీళ్ళు నష్టం పద్దులోకి రావు, బకెట్టులోకే వస్తాయి. నేను ట్యాంకరున్నర నష్టమని రాసింది, బకెట్టు పెట్టని ఇళ్ళ లెక్క. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అని మన పెద్దలు సంసారం ఖర్చుల గురించి అన్నారనుకున్నాను గాని, ఇలా అక్షరాలా ఉంటుందని అనుకోలేదు.

ఇక రెండో పొరపాటు. అది కామర్సు చదివినవాడు చెయ్యకూడనిది. ట్యాంకరు ఖర్చు నా పుస్తకంలో ఉంది కాబట్టి నాకు కనపడింది. కరెంటు ఆదా ఎవరింటి మీటరులో వాళ్ళకి ఉంది కాబట్టి కనపడలేదు. కొలుద్దాం. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక కిలో కేలరీ, 860 కిలో కేలరీలైతే ఒక యూనిట్. నలుగురున్న ఇంట్లో మనిషికో బకెట్టు, 80 లీటర్లు 20 డిగ్రీలు పెంచాలంటే 1,600 కిలో కేలరీలు, అంటే రమారమి 1.9 యూనిట్లు. నెలకి 55 పైన. మా ఇంటి వాడకం నెలకి 165. దానికి గీజరు 55 కలిస్తే 220. గృహజ్యోతిలో 200 దాటితే పైది మాత్రమే కాదు, మొత్తం బిల్లూ కట్టాలి. మా పదహారు ఇళ్ళలో ఈ గీతకి దగ్గరగా ఉన్నవి ఆరు. నా నోటు పాసైతే ఆ ఆరు ఇళ్ళూ సున్నా బిల్లు నుంచి పూర్తి బిల్లుకి వెళ్ళేవి, అందులో రెండు ఇళ్ళు పెన్షను మీద నడిచేవి. వాళ్ళే నాకు చప్పట్లు కొట్టినవాళ్ళు!

ఆదివారం మీటింగులో నా నోటు నేనే వాపసు తీసుకున్నాను. ట్రెజరర్ గిరీలో అలాంటి రోజు అదొక్కటే. గొట్టాలు మార్చాం. మేడ మీద బయటికి కనపడే పైపులకంతా నల్ల ఫోము తొడుగు వేయించాం. ఉప్పునీళ్ళ వల్ల ట్యాంకులోపల తెల్లగా పెచ్చు కట్టింది, అది గీకించి, తుప్పుని తన మీదికి తీసుకునే మెగ్నీషియం కడ్డీ కొత్తది వేయించాం. ముసురు రోజుల కోసం ట్యాంకులో ఉండే కరెంటు కాయిలుకి స్విచ్చి మేడ మీద ఉంది. తీసి చూస్తే అది ఎన్నాళ్ళ నుంచో వేసే ఉంది! ఎండ కాచాల్సిన నీళ్ళని రాత్రిపూట కామన్ మీటరు కాచి పెడుతోంది. దానికి తాళం వేశాం. తాళంచెవి నా దగ్గర.

గ్రౌండు ఫ్లోరులో ఒక ఇంటికి మాత్రం మా బకెట్టు సూత్రం పనికిరాలేదు. ఆయనకి నడుము వంగదు, బల్ల మీద కూర్చుని షవరు కిందే స్నానం చెయ్యాలి. పైపు కూడా వాళ్ళదే అందరికంటే పొడవు. వాళ్ళు సోలారు లైను మూయించి హీట్ పంపు పెట్టుకున్నారు. ఖరీదు ఎక్కువే, నోటు నేనే చూశాను. అది ఫ్రిజ్జుకి తిరగేసిన యంత్రం. ఫ్రిజ్జు లోపలి వేడి లాగి బయటికి వదులుతుంది, ఇది బయటి గాలిలో వేడి లాగి నీళ్ళకి ఇస్తుంది. వేడి పుట్టించడం లేదు, మోసుకొస్తోంది, అందుకే ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. బెంగుళూరు గాలి ఎప్పుడూ మరీ గడ్డకట్టదు కాబట్టి దానికి ఈ ఊరు బాగా సరిపడింది. మేడ మీద జాగా లేని పెద్ద టవర్లకి కూడా ఇదే దారి. కాస్త బుర్రుమని చప్పుడు చేస్తుంది.

అది పనిచేసేటప్పుడు వెనక సందులోకి చల్లటి గాలి వదులుతుంది. వచ్చిన ఏప్రిల్ నుంచీ మా వాచ్‌మన్ కుర్చీ గేటు దగ్గర కనపడటం లేదు, ఆ సందులో ఉంటోంది. గేటు ఎవరు చూస్తారని ఇప్పుడు కొత్త తగాదా. ఎజెండాలో పెట్టాను.