గెలవని పార్టీకి నా ఓటు



లండన్‌లో మనవాళ్ల దావతుల్లో ఎలక్షన్ మాట వచ్చిందంటే బిర్యానీ చల్లారిపోవాల్సిందే. లేబరా, కన్జర్వేటివా అని బహస్ జోరుగా నడుస్తుంటుంది. నేను గ్రీన్ పార్టీ అంటాను. అందరూ నవ్వుతారు. కర్నూలు నుంచి మా మామూ అయితే ఫోన్‌లో, "ఇంత చదువుకుని ఓటు జాయా చేసుకుంటావేం బేటీ?" అంటారు. ఆయనకి ఫోన్‌లో ఇవ్వలేని లంబా జవాబు ఇది.

ముందు ఒక సంగతి. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి ఇక్కడ ఓటు లేదని చాలామంది ఖయాల్. అది గలత్. కామన్వెల్త్ దేశాలవాళ్లు చట్టప్రకారం ఇక్కడ నివాసం ఉంటే పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటు వేయొచ్చు. పేరు నమోదు చేయించుకుంటే చాలు. పరాయి ముల్క్ ఇచ్చిన ఈ హక్కు నా దగ్గర ఒక అమానత్. గెలిచే గుర్రం ఏదో చూసి దాన్ని ఖర్చు చేయడానికి నా మనసొప్పదు.

గ్రీన్ పార్టీ వైపు నన్ను తిప్పింది కితాబులు కావు. మా ఇల్లు లారీలు ఆగని పెద్ద రోడ్డు పక్కన. మా జేబుకి అందిన కిరాయి అక్కడే దొరికింది. మా చిన్నోడికి నాలుగో ఏట నుంచి దమా. చలికాలం రాత్రుల్లో వాడి ఛాతీలోంచి పిల్లికూతలు వినిపిస్తాయి. ఇన్‌హేలర్ నా దిండు కిందే ఉంటుంది. దమాకి సబబులు చాలా ఉంటాయి, తప్పంతా రోడ్డుదేనని నేను దావా చేయను. కానీ సెలవుల్లో సముద్రం ఒడ్డున వారం ఉన్నామంటే ఆ ఇన్‌హేలర్ సంచిలోంచి బయటికే రాదు.

ఇదే షహర్‌లో, లూయిషమ్‌లో, ఎల్లా అనే తొమ్మిదేళ్ల పాప 2013లో దమాతో చనిపోయింది. వాళ్ల ఇల్లు కూడా రద్దీ రోడ్డు దగ్గరే. తల్లి ఏళ్ల తరబడి పోరాడితే, 2020 డిసెంబరులో కరోనర్ ఆ మౌత్‌కి వాయు కాలుష్యం కూడా ఒక కారణమని తేల్చాడు. బ్రిటన్‌లో ఒక మనిషి మరణానికి అలా రాయడం అదే మొదటిసారి. ఆ తర్వాత, స్వచ్ఛమైన గాలి ప్రతి మనిషి హక్కు అంటూ ఆ పాప పేరు మీద లార్డ్స్ సభలో బిల్లు తెచ్చింది గ్రీన్ పార్టీకి చెందిన జెన్నీ జోన్స్. 2022లో అది లార్డ్స్ దాటింది, కామన్స్‌లో ఆగిపోయింది. పెద్ద పార్టీలు తలుచుకుంటే ఆగేదా? నా ఫైసలా ఆ రోజే అయిపోయింది.

ఇక జాయా సంగతి. ఈ పార్టీ 1973లో వేరే పేరుతో పుట్టింది. 1989 యూరప్ ఎన్నికల్లో దాదాపు 15 శాతం ఓట్లు వచ్చినా ఒక్క సీటు దక్కలేదు. కామన్స్‌లో మొదటి సీటు 2010లో, బ్రైటన్‌లో. 2015లో 11 లక్షలకు పైగా ఓట్లకి సీటు మాత్రం ఒకటే. 2024లో 18 లక్షలకు పైగా ఓట్లకి నాలుగు సీట్లు. అదే ఎన్నికలో లేబర్‌కి 34 శాతం ఓట్లతో 411 సీట్లు. ఇందులో ఇన్సాఫ్ ఎక్కడుందో మామూనే చెప్పాలి.

అయినా ఓడిన ఓటుకీ హిసాబ్ ఉంది. అభ్యర్థి కట్టే 500 పౌండ్ల డిపాజిట్ 5 శాతం ఓట్లు దాటితేనే వాపస్ వస్తుంది. పైగా పార్లమెంటులో ఉన్న ప్రతిపక్ష పార్టీలకి సర్కారు ఇచ్చే సొమ్ములో కొంత, దేశమంతా పడిన ఓట్లలో ప్రతి 200కి ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. అంటే మా నియోజకవర్గంలో ఓడిపోయిన నా ఓటు కూడా గ్రీన్ ఎంపీల దఫ్తర్ ఖర్చుకి చిల్లర జమ చేస్తోంది. నాలుగో వంతు ఓట్లు ఇటు కదిలితే పెద్ద పార్టీల మేనిఫెస్టోలు వాటంతట అవే పచ్చబడతాయి. ఖౌఫ్ లేనిదే ఎవరూ మారరు.

ఆ పార్టీలో అంతా నాకు మంజూర్ అనుకోకండి. మత్తుమందులను చట్టబద్ధం చేసి నియంత్రించాలనే వాళ్ల పాలసీ నాకు గొంతు దిగదు. కరెంటు తీగల పైలాన్‌లు తన ఇలాఖాలోకి వచ్చేసరికి, వాళ్ల ఎంపీల్లో ఒకరు కాస్త ఆపి వేరే దారి చూడమన్నారు. పవన విద్యుత్ కావాలి, తీగ మాత్రం మా పొలం మీద వద్దు అంటే ఎలా? పార్టీ అంటే పీర్ కాదు కదా, ప్రతి మాటకీ తల ఊపడానికి. తప్పు చేస్తే అడుగుతాను, ఉత్తరాలు రాస్తాను.

మన దగ్గర పర్యావరణం అంటే ఉద్యమమే, పార్టీ కాదు. 2019లో నల్లమలలో యురేనియం వద్దని చెంచులు, విద్యార్థులు, రచయితలు గళమెత్తితే తెలంగాణ అసెంబ్లీ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. సంతోషమే. కానీ ఉద్యమం ఇంటికి వెళ్లిపోయాక అసెంబ్లీలో రోజూ ఆ మాట అడిగేవాడు ఒకడు ఉండాలి. ఇక్కడ గ్రీన్ ఎంపీల పని అదే.

మా అబ్బా వజూకి ఒక్క లోటా నీళ్లే తీసుకునేవారు. కుళాయి కట్టకుండా వదిలితే, "ఇస్రాఫ్!" అని ఒక్క కేక. నీళ్లకి హిసాబ్ చెప్పాలని పిల్లలకి నేర్పే కౌమ్ మనది. గాలికి హిసాబ్ అడిగేవాళ్లని చూసి మనం నవ్వితే ఎలా?

మామూ, ఓటు జాయా అయ్యేది పెట్టెలో వేసినప్పుడు కాదు, ఇంట్లో కూర్చున్నప్పుడు. మీకు నచ్చిన పార్టీకే వేయండి, పర్వాలేదు. కానీ మీ గల్లీకి ఓటు అడగడానికి వచ్చినవాణ్ని, మా మనవడు పీల్చే గాలి గురించి ఏం చేస్తావ్ అని ఒక్కసారి అడగండి.