గేములు తయారు చేసే పిల్లకి వార్డు ఖిద్మత్ ఎందుకు?

మా ఆపా కూతురు హైదరాబాదులోని ఓ కంపెనీకి వీడియో గేములు తయారు చేస్తుంది. ఉండేది రాజమండ్రిలోనే, ఇంట్లోంచే పని. వయసు ఇరవై నాలుగు. మొన్నొక జుమా రోజు దస్తర్‌ఖాన్ మీద అందరం ఉండగా, "మామూ, కార్పొరేషన్ ఎలక్షన్లు పెడితే మన వార్డుకి నేను నిలబడతా" అంది. ఆపా చేతిలో సాలన్ గిన్నె అలాగే ఉండిపోయింది.

అసలు ఆ పిల్ల చేసే నౌకరీయే మా అమ్మీకి ఇప్పటికీ హజమ్ కాలేదు. గేమింగ్ అనగానే అమ్మీకి తట్టేది జువా. ఆమె తప్పేం లేదు. పేకాటలో ఇళ్లు అమ్ముకున్నవాళ్లను చూసిన తరం. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటి పైసల ఆటల్ని బంద్ చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి ఖానూనే తెచ్చింది. అయితే అదే ఖానూన్ పైసల పందెం లేని ఆటల్ని, ఈ-స్పోర్ట్స్‌ని ప్రోత్సహించాలని కూడా చెప్పింది. ఈ రెండో సగం మన మొహల్లాల దాకా రాలేదు. "నానీ, నేను చేసేది బొమ్మల కిస్సా. నువ్వు చిన్నప్పుడు నాకు చెప్పేదానివే, అలాంటిదే. కాకపోతే ఇందులో షెహజాదా ఎటు వెళ్లాలో వినేవాడే చెప్తాడు" అని ఆ పిల్ల అమ్మీకి సమజాయించింది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఉర్దూ మీడియంలో జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీమ్ అంటూ హిసాబ్ నేర్చుకుని, తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. కోడింగ్ నాకు ఏ జుబాన్‌లోనూ రాదు.

ఖాళీ సమయంలో సొంతంగా ఓ గేము చేస్తోంది. గొడో అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉందిట, దాంతో. ఆటంతా ఒక లంక గ్రామంలో. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆడేవాడు వార్డు మెంబరు. ఉన్నవి రెండు పడవలు. ముందు ఎవర్ని దాటించాలి? బర్రెల్ని వదిలి రామనేవాళ్లతో ఏం చెప్పాలి? 2022 జూలైలో బరాజ్ దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లో నేను లంకల్లో వార్తలు రాస్తూ తిరిగాను. ఆ గేము కాసేపు ఆడాను. మూడో హెచ్చరిక వచ్చేసరికి నా పడవ అవతలి ఒడ్డునే ఉంది.

వార్డుకి నిలబడాలన్న ఖయాల్ అక్కడి నుంచే వచ్చిందిట. గోదావరి నిండుగా ఉన్నప్పుడు ఊళ్లోని డ్రైన్ల నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి తంతాయి. మా గల్లీలో ఏటా అదే తమాషా. మోటారు పెట్టమని ఎవరిని అడగాలి? రాజమండ్రిలో ఆఖరుసారి కార్పొరేషన్ ఎన్నికలు జరిగింది 2014లో. ఆ కౌన్సిల్ గడువు 2019లో అయిపోయింది. 2021 మార్చిలో రాష్ట్రమంతా మున్సిపల్ ఓట్లు పడ్డాయి గానీ మన ఊరికి ఆ నసీబ్ లేదు. అంటే ఈ పిల్ల ఓటు హక్కు వచ్చాక తన ఊళ్లో ఒక్క కార్పొరేటర్‌ని కూడా ఎన్నుకోలేదు.

"నౌకరీ చేస్తూ ఇదెలా కుదురుతుంది?" అని బెహ్నోయి సాబ్ సవాల్. దానికి ఆమె నార్వే సంగతి ఎత్తింది. అక్కడ నాలుగేళ్లకోసారి మున్సిపల్ కౌన్సిళ్లకి ఎన్నికలు. పద్దెనిమిది నిండితే నిలబడొచ్చు. మేయరూ, ఇంకొందరూ తప్ప మెంబర్లలో చాలామంది టీచర్లు, నర్సులు, రైతులు, కంప్యూటర్ పనివాళ్లు. సాయంత్రాలు మీటింగులు. కౌన్సిల్ పనికి కావలసిన సెలవు ఇవ్వాలని అక్కడ ఖానూనే ఉంది. గేములు తయారు చేసే కుర్రాడు కౌన్సిల్లో కూర్చుంటే అక్కడెవరూ వింతగా చూడరు. మూడేళ్లు నివాసముంటే పరదేశీలు కూడా స్థానిక ఎన్నికల్లో ఓటేయొచ్చు, 1983 నుంచీ.

ఆ దేశం పేరు చెబితే నాకు మాత్రం ఉటోయా గుర్తొస్తుంది. 2011 జూలై 22న ఆ దీవిలో లేబర్ పార్టీ యువజన శిబిరం మీద ఒకడు తుపాకీతో పడి 69 మందిని చంపాడు. ఎక్కువమంది పసివాళ్లే. ముసల్మానుల మీద, వలస వచ్చినవాళ్ల మీద నఫ్రత్ నింపుకున్నవాడు వాడు. మనలాంటివాళ్లకి తలుపు తీసిన పార్టీ పిల్లలని వాళ్లని చంపాడు. ఏడు వారాలు దాటగానే స్థానిక ఎన్నికలొచ్చాయి. దీవి నుంచి ప్రాణాలతో బయటపడ్డ పిల్లల్లో కొందరు వాటిలో పోటీ చేశారు. డెస్కులో ఆ వార్త దిద్దుతూ చాలాసేపు కూర్చుండిపోయాను.

దూరాలు ఎందుకు, మన జిల్లాలు చూడండి. కాకినాడలో వకాలత్ చేసుకుంటున్న బాలయోగి 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్ అయ్యేనాటికి నలభై నిండలేదు. పదకొండేళ్లకి లోక్‌సభ స్పీకర్ కుర్చీలో కూర్చున్నారు. ఏలూరులో షేక్ నూర్జహాన్ రెండుసార్లు మేయరయ్యారు, 2014లో, మళ్లీ 2021లో. పేపర్లలో ఆమె పేరు వెంట భర్త పేరు కూడా తప్పకుండా వచ్చేది. మేయర్ సాబ్‌ల పక్కన బేగమ్‌ల పేర్లు రాయడం మా డెస్కుల్లో ఎన్నడూ చూడలేదు.

ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారన్న నిబంధనని మన అసెంబ్లీ 2024 నవంబరులో తీసేసింది. బెహ్నోయి సాబ్‌కి ముగ్గురు సంతానం. ఒకప్పుడు దోస్తులు నిలబడమంటే ఆ ఖానూన్ చూపించి తప్పుకున్నారు. ఆయనకి ఇప్పుడు ఆ బహానా లేదు, కూతుర్ని ఆపడానికి మాత్రం కొత్తది దొరికింది. భీమవరం నుంచి ఒక మంచి రిష్తా వచ్చింది. నౌకరీ ఫర్వాలేదు, సియాసత్ మాత్రం వద్దన్నారు వాళ్లు. ఆపా రెండు రాత్రులు ఏడ్చింది. "ఇరవై నాలుగేళ్లకే ఇంత జిద్ అవసరమా?" అని నన్నడిగింది. నేను జవాబివ్వలేదు. సంబంధం పోతుందేమోనన్న ఫికర్ నాకూ ఉంది. అబ్బాయి బాగా చదువుకున్నవాడు, నమాజీ, మాట నెమ్మది. పిల్లేమో, "అతను నాతో మాట్లాడితే చెప్తాను, వాళ్ల మామయ్యతో కాదు" అని కూర్చుంది. ఆ మాట భీమవరం చేరవేసే పని నా మీద పడింది. ఇంకా ఫోన్ చేయలేదు.

ఆడవాళ్లకి స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఉన్నాయి, కానీ మా వార్డు ఎవరి ఖాతాలో పడుతుందో నోటిఫికేషన్ వచ్చాకే తేలుతుంది. ఈలోగా ఆ పిల్ల చేయాల్సింది చేసేసింది. చదువుకునే రోజుల్లో హైదరాబాదులో నమోదైన ఓటుని ఫారం 8 పెట్టి ఇక్కడికి మార్చుకుంది. ఈ ఊరి జాబితాలో పేరు లేకపోతే నామినేషనే చెల్లదు. ప్రతిపాదించడానికి వార్డులో ఒక ఓటరు దస్తఖత్ కావాలని చెబితే, మూల మంచం మీద తస్బీ తిప్పుతున్న మా అమ్మీ తలెత్తి అడిగింది: "నేను ఉర్దూలో చేస్తే చెల్లుతుందా?"