పెంపుడు కుక్క, పెరటి మట్టి

జంతువును ప్రేమించేవారు ప్రకృతిని కూడా ప్రేమిస్తారని మనం సహజంగా భావిస్తాం. కానీ ప్రేమ ఒక్కటే చాలదు. మనం పెంచే ప్రాణి తినేది, విసర్జించేది, దాని ఒంటికి మనం పూసేది చివరకు ఎక్కడికి చేరుతున్నాయో కూడా గమనించాలి. వైద్యవృత్తిలో గడిపిన సంవత్సరాలు నాకు నేర్పిన పాఠమిది.

మూడేళ్ల క్రితం మా మనవడు సైబీరియన్ హస్కీ కావాలని పట్టుబట్టాడు. మంచు ప్రాంతాల్లో బండ్లు లాగడానికి పెంచిన జాతి అది. రెండు పొరల దట్టమైన బొచ్చు దాని సొత్తు. వేసవిలో మా ఊరి ఎండకు దానికోసం పగలంతా ఏసీ నడపాలి. "మరి మనకెందుకు ఏసీ, తాతయ్యా?" అని వాడు ఎదురుప్రశ్న వేశాడు. "మనకు ఒళ్లంతా చెమట పడుతుందిరా. కుక్కకు పాదాల అడుగున తప్ప దాదాపుగా పట్టదు. నాలుక చాచి వగర్చడమే దానికి దిక్కు" అని చెప్పాను. కొన్నాళ్లకు వీధి చివర పుట్టిన ఒక నాటు కుక్కపిల్ల మా ఇంటికి వచ్చింది. పొట్టి బొచ్చు గల ఆ జాతి తరతరాలుగా మన వాతావరణానికి అలవాటుపడినది.

దాని ఆహారం అన్నం, ఉడికించిన గుడ్డు, కోళ్ల దుకాణంలో మిగిలిపోయే కందనకాయలు, కాలేయం. మనం తినగా మిగిలిన పులుసన్నం మాత్రం పెట్టం. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మలవిసర్జన. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు, చెప్పులు లేకుండా ఇసుకలో ఆడుకునే ఒక బాలుణ్ణి తల్లి తీసుకువచ్చింది. పాదం మీద మెలికలు తిరిగిన ఎర్రని గీత. అది రోజురోజుకూ పొడవు పెరుగుతున్నదని ఆమె భయం. కుక్కల, పిల్లుల పేగుల్లో ఉండే కొంకిపురుగుల పిల్లలు మన చర్మంలోకి చొరబడి పాకడం వల్ల వచ్చే వ్యాధి అది. మందుతో నయమైంది. కుక్క ఏలికపాము అంతకంటే ప్రమాదకరం. దాని గుడ్లు పిల్లల నోటి ద్వారా కడుపులోకి చేరితే, పొదిగిన పురుగు కంటిదాకా ప్రయాణించి చూపును హరించగలదు. అయితే ఈ గుడ్లు విసర్జించిన వెంటనే అంటుకోవు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు ఎదిగిన తరువాతే అంటుకునే శక్తి వస్తుంది. ఆ తరువాత ఏళ్ల తరబడి జీవిస్తాయి. కనుక ఏ రోజు మలం ఆ రోజు తీసివేస్తే ప్రమాదం చాలావరకు తొలగుతుంది. మేము పాత వార్తాపత్రికతో ఎత్తి, బావికి, కూరగాయల మడులకు దూరంగా అడుగు లోతున పూడుస్తాం. ఇంటి కంపోస్టులో కలపం. ఆ గుడ్లను చంపేటంత వేడి అందులో పుట్టదు.

ఇక పిడుదుల మందులు. మెడ మీద వేసే చుక్కల్లో తరచుగా ఉండే ఫిప్రోనిల్, మన రైతులు వరి పురుగుకు కొట్టే మందే. ఇంగ్లండు నదుల నీటిలో ఈ మందు విస్తారంగా కనిపించిందని 2020లో అక్కడి పరిశోధకులు వెల్లడించారు. నీటి పురుగులకు అది విషం. అందుచేత పశువైద్యుడు చెప్పినప్పుడే, చెప్పినంతే వాడండి. మందు వేసిన కుక్కను చెరువులోకి, కాలువలోకి దింపకండి.

రెండు విషయాల్లో మాత్రం పొదుపు వద్దు. మొదటిది రేబిస్ టీకా. మూడు నెలల వయసులో మొదలుపెట్టి, పశువైద్యుని సలహా ప్రకారం కొనసాగించాలి. మనుషులకు వచ్చే రేబిస్‌లో దాదాపు 99 శాతం కుక్కల వల్లనే. లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం అత్యంత అరుదు. రెండవది సంతాన నిరోధక శస్త్రచికిత్స. ఆదరించే ఇల్లు లేక వీధిన పడే ప్రతి కుక్కపిల్ల ఆకలికీ, ఆ వీధి పిల్లల భయానికీ ఎవరో ఒక యజమాని ఉపేక్షే మూలం.

కుక్కను తెచ్చుకోవాలనుకునేవారు ముందు ఒక పార, పాత కాగితాల కట్ట, టీకాల పుస్తకం సిద్ధం చేసుకోండి. గొలుసు, గిన్నె తరువాత కొనవచ్చు.